ఫాల్గుణ సభకి ఒక్క మనిషి

నమోదు 211. కార్తీక బహుళ తదియ.

దేశదేశాల శాస్త్రవేత్తలు కూడే ఫాల్గుణ సభకి ఈసారి మా కొత్తరేవు నుంచి ఒక్క మనిషికే చోటు. తొమ్మిది దరఖాస్తులొచ్చాయి. ఎనిమిదింటిలో చేతిరాత ముత్యాల్లా ఉంది, విషయం సున్నా. ఒకాయన మూడు పేజీలు రాసి, చివర్న తన భార్యకి సముద్రపు గాలి పడదు కాబట్టి ఒంటరిగానే వెళ్తానని హామీ కూడా ఇచ్చాడు. ఆ హామీ ఎవరడిగారో దేవుడికి తెలియాలి.

తొమ్మిదోది దమయంతిది. గుండం కింది అంతస్తులో కొలతలు తీసే భౌతికశాస్త్రవేత్త. ముప్పై నాలుగేళ్ళు. మనిషి బక్కపలచన, మాట మాత్రం మేకు దిగ్గొట్టినట్టుంటుంది. 'ఎందుకు వెళ్ళాలి?' అన్న గడిలో ఒకటే వాక్యం రాసింది. 'వెళ్ళి చెప్పకపోతే చస్తాం కాబట్టి.'

"ఇలా రాస్తే కమిటీవాళ్ళు చింపి పారేస్తారు తల్లీ. కాస్త ఆఫీసు భాషలో రాయి," అన్నాను.

"చావుని ఆఫీసు భాషలో ఏమంటారో చెప్పు వరహాలక్కా, అదే రాస్తాను."

నాకు తిక్కరేగింది. ఇరవై రెండేళ్ళుగా ఈ ప్రయాణాల గదిలో గుమస్తాని. ఎంతమంది శాస్త్రవేత్తల్ని ఓడెక్కించానో నాకే గుర్తులేదు, ఇంత తలబిరుసు మాత్రం చూళ్ళేదు. అయినా కూర్చోబెట్టి, సంగతేంటో మొదట్నించీ చెప్పమన్నాను. చెప్పింది. చెప్పడం అయ్యేసరికి నా టీ చల్లారిపోయింది.

మా కొండ కింద ఉన్న గుండం అంటే ఒక పెద్ద లోహపు చుట్ట. దాన్ని గడ్డకట్టే చలిలో ఉంచి అందులో కరెంటు నిలవ చేస్తారు, మా అమ్మ జాడీలో ఆవకాయ నిలవ చేసినట్టు. ఇలాంటివి ప్రపంచంలో పన్నెండున్నాయి. మాది ఏడోది. పన్నెండూ ఒకే లోహం, ఒకే కొలత, అన్నీ తీగలతో ఒకదానికొకటి కలిసి ఉంటాయి. ఆ లోహం అలిసిపోతోందట. కంటికి కనపడని పగుళ్ళు పడుతున్నాయట. అన్నిటికన్నా పాతది నాలుగోది, ముందు పోయేది అదే. పోతే చుట్టూ ఉన్న ఊరు పోతుంది. దాని బరువు మిగతా పదకొండింటి మీదా పడుతుంది.

"అయితే మన గుండం ఆపేస్తే సరి," అన్నాను.

"మనం ఆపితే మన బరువు వాళ్ళ మీద పడుతుందక్కా. నాలుగోది ఆ రోజే పోతుంది. పన్నెండూ ఒకే రోజున సగానికి దించాలి. అలా దించమని అందరికీ చెప్పగలిగింది సభ ఒక్కటే."

"ఎన్నాళ్ళుంది టైము?"

"వేసవి దాటదు."

ఈసారి సభ సముద్రం అవతల, ఆఫ్రికా ఒడ్డున, మొంబాసాలో. నాలుగో గుండం ఉన్నది ఆ ఊళ్ళోనే.

మా తమ్ముడు గౌరీసు మన గుండం కింది అంతస్తులో ఫిట్టరు. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే పని. రాత్రి ఇంటికొచ్చి అన్నం తింటుంటే వాడి మొహంకేసే చూస్తూ కూర్చున్నాను. "ఏటప్పా, నా మొకం మీద ఏటుంది?" అన్నాడు. మెతుకంటుకుందని చెప్పాను.


నమోదు 214. మార్గశిర శుద్ధ పంచమి.

దమయంతి పేరు ఖాయమైంది. కమిటీ చేత ఒప్పించడానికి నేను ఎన్ని అబద్ధాలాడానో ఇక్కడ రాయను. ఇక మిగిలింది ఓడ చోటు.

మొంబాసా ఓడవాళ్ళు చోటుకి బదులు నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీ సెల్లులు అడుగుతారు, ఇంకేం ఇచ్చినా తీసుకోరు. ఊళ్ళో ప్రతి ఇంటివాళ్ళూ రోజుకో గంట కరెంటు వదులుకుంటే గాని అవి నిండవు. దానికే చీకటిగంట అని పేరు. దమయంతిని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాను.

"తీగ మీద మాట్లాడి చెప్పెయ్యొచ్చుగా? ఇంత ఖర్చు దేనికీ?" అని ఒక కుర్ర కోడలు అడిగింది.

దానికి వాళ్ళ అత్తగారే జవాబిచ్చింది. "తీగ మీద మా చచ్చిపోయిన మావగారి గొంతుతో ఎవడో మాట్లాడి పొలం రాయించుకున్నాడే పిల్లా. అప్పణ్ణించి తీగని ఎవడు నమ్ముతున్నాడు?"

అంతే. ఎవరి గొంతైనా, ఎవరి మొహమైనా యంత్రాలు తయారుచెయ్యడం నేర్చిన నాటినుంచి లోకమంతా ఇదే పద్ధతి. పని చేసిన మనిషే సభలో నిలబడాలి. నోటితో చెప్పాలి. సభలోంచి ముగ్గురు లేచి అడిగిన ప్రశ్నలకి అక్కడికక్కడే బదులివ్వాలి. అప్పుడే అది నిజమైనట్టు. మనిషి రాకపోతే మాట లేనట్టే.

పళ్ళూడిన ముసలామె ఒకావిడ రెండు గంటలు ఇస్తానంది. "నాకు ఫానెందుకమ్మా, చలికాలంలో," అని నవ్వింది. "వేసవిలో కూడా ఇవ్వాలి మామ్మా, గుండం ముందుగా ఇచ్చే కరెంటు అప్పు తీరేదాకా," అంటే, "వేసవిదాకా నానుంటే కదా," అంది. దమయంతి మొహం పక్కకి తిప్పుకుంది. వీధి మొగలో నన్నాపి, "వీళ్ళకి నిజం చెప్పేద్దామక్కా," అంది.

"చెప్తే ఏమవుద్ది? మన గుండం ఇప్పుడే ఆపెయ్యమంటారు. నువ్వే అన్నావుగా, ఆపితే అక్కడ చస్తారని."

పై వీధిలోకి నడిచాం.


నమోదు 219. పుష్య శుద్ధ త్రయోదశి.

సెల్లులు నిండాయి. ఓడవాళ్ళు లెక్క చూసుకుని సరే అన్నారు. పౌర్ణమినాడు పొద్దున్న తొమ్మిదింటికి పోటు మీద ఓడ బయల్దేరుతుంది. ఆ తర్వాత నీరు తగ్గితే మొగ దగ్గర ఇసుక తగులుతుంది. ఈశాన్యపు గాలి ఉండేది ఇంకో నెలన్నరే. ఇది పోతే మళ్ళీ ఓడ వచ్చే ఏడాదే.

మిగిలిందల్లా ప్రయాణ పత్రం. దానిమీద ఊరి మండలి పెద్ద దాలినాయుడు గారి వేలిముద్ర పడాలి, చీకటిగంటలిచ్చిన జనం ఎదుట పడాలి. గదిలో కూర్చుని వేసిన వేలిముద్ర చెల్లదు. అందుకని పౌర్ణమినాడు ఉదయం ఏడింటికి బడి సావిట్లో చిన్న సభ పెట్టాను. జనం దమయంతిని చూసి అక్షింతలేస్తారు, పెద్దాయన వేలిముద్ర వేస్తాడు, ఎనిమిదింటికి బండెక్కితే ఎనిమిదిన్నరకి రేవులో ఉంటాం.

దాలినాయుడు గారింటికి నేనే స్వయంగా వెళ్ళి వాళ్ళావిడకి బొట్టు పెట్టి పిలిచాను. ఆయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. "అలాగేనమ్మా, వరహాలూ," అన్నాడు.


నమోదు 220. పుష్య పౌర్ణమి.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఏడింటికల్లా సావిడి నిండిపోయింది. రెండొందలమంది ఉంటారు. దమయంతి ముందు వరసలో చిన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడుంబావు. పెద్దాయన కుర్చీ ఖాళీ. ఏడున్నరకి గౌరీసు నా చెవిలో, "అప్పా, ఆయన్ని తోలుకురాడానికి ఒకల్ని పంపీ. మరుపిలుపు నేకుండా రాడాయన," అన్నాడు.

"బొట్టు పెట్టి పిలిచాను కదరా! ఇంకెన్నిసార్లు పిలవాలి? కొత్తల్లుడా ఆయనేమైనా?"

"నానెల్లనా పోనీ?"

"కదిలావంటే కాళ్ళిరగ్గొడతాను. నా పిలుపుకి ఆ మాత్రం విలువ లేదా? రానీ."

ఇది నేనన్న మాట. వేరే ఎవరి మీదా తొయ్యను.

నిజానికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఏ సభ పెట్టినా ఇదే తంతు. పెద్దమనుషులు ఇంట్లో ఇస్త్రీ బట్టలేసుకుని కూర్చుంటారు, ఎవరో వెళ్ళి 'అంతా మీకోసమే చూస్తున్నారండీ' అని బతిమాలితే గాని గడప దాటరు. ఈ ఒక్కసారి పంపకూడదని మొండికేశాను. ఆయనొచ్చి తీరాలి, వచ్చి చూసి సిగ్గుపడాలి అనుకున్నాను. జనం దుప్పట్లు కప్పుకుని కబుర్లాడుకుంటున్నారు. పెద్ద లేకుండా మొదలుపెట్టమని అడిగినవాడు ఒక్కడూ లేడు. వేలిముద్ర లేనిదే మొదలుపెట్టీ లాభం లేదు.

ఎనిమిదీ పదికి దమయంతి లేచి నా దగ్గరికొచ్చింది. "అక్కా, టైము."

"ఇంకా యాభై నిమిషాలుంది. కూర్చో."

ఎనిమిదీ ఇరవైకి మళ్ళీ లేచింది, ఈసారి కూర్చోమన్నా కూర్చోలేదు. గౌరీసు వైపు తిరిగి, "నువ్వెళ్ళు," అంది. వాడు నన్నడక్కుండా పరిగెత్తాడు.

దాలినాయుడు గారిల్లు రెండు వీధుల అవతల. గౌరీసు తర్వాత చెప్పాడు, ఆరున్నర నుంచీ పంచె కట్టి, కండువా వేసి, చెప్పులు తొడుక్కుని వీధి గుమ్మంలోనే కూర్చున్నాడట. కళ్ళు వీధికే అతుక్కుపోయాయట. పోయినేడు బియ్యం గిడ్డంగి తెరిచినప్పుడు పిలుపు రాకముందే వెళ్తే, ఎవరో వెనకనుంచి 'పిలవని పేరంటం' అని నవ్వారట. ఆ మాట గుండెల్లో గుచ్చుకుని ఉండిపోయింది ఆయనకి. మనిషి చెడ్డవాడేం కాదు.

ఎనిమిదీ ముప్పై అయిదుకి వచ్చాడు. రొప్పుతూ వచ్చాడు, పాపం. ఉపన్యాసం కూడా చెప్పలేదు, నేరుగా వచ్చి సిరాలో వేలు ముంచి పత్రం మీద నొక్కాడు. అక్కడితో బయల్దేరాల్సింది. కానీ ముసలాళ్ళు అక్షింతలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. పళ్ళూడిన మామ్మ అందరికన్నా ముందుంది. చలికాలమంతా చీకట్లో కూర్చున్నవాళ్ళని పక్కకి నెట్టి వెళ్ళమని దమయంతికి నేను చెప్పలేకపోయాను. "ఒక్క రెండు నిమిషాలమ్మా," అన్నాను. అది ఏడు నిమిషాలైంది.

బండిలో దమయంతి సంచీని గుండెకి హత్తుకుని కూర్చుంది. జుట్టులో పసుపు బియ్యం. రేవు కనపడగానే లేచి నిలబడింది. ఓడ లేదు. మొగ దాటి తెరచాపలెత్తేశారు.

గౌరీసు ఎవరిదో వేటపడవ లాక్కుని ఆమెని ఎక్కించుకున్నాడు. నేను గట్టుమీద నిలబడి గొంతు పోయేలా అరిచాను. ఓడ సరంగుకి నా అరుపు వినపడుతుందా, వినపడినా ఆగుతాడా? పోటు ఎవరికోసం ఆగింది గనక.

సాయంత్రం నాలుగింటికి పడవ తిరిగొచ్చింది. దమయంతి నిలువునా తడిసిపోయి ఉంది. దిగడానికి చెయ్యందించబోతే పట్టుకోలేదు. తనే దిగింది.


నమోదు 221. పుష్య బహుళ విదియ.

దమయంతి నా గదికొచ్చింది. తిడుతుందనుకున్నాను. చెప్పుతో కొట్టినా పడేదాన్ని. కూర్చుని పత్రం బల్లమీద పెట్టింది. దాలినాయుడు గారి వేలిముద్ర నీళ్ళకి పులిమినట్టైంది.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పక్కా. నీకు ఓడ ముఖ్యమా, ఆయన చేత తప్పు ఒప్పించడం ముఖ్యమా?"

"ఓడే," అన్నాను.

"అబద్ధం."

అబద్ధమే. ఆ ఉదయం మాత్రం నాకు రెండోదే ముఖ్యమైంది. చెప్పాను. ఆమె తలూపింది. తర్వాత గుండం పని గురించి మాట్లాడింది. నాలుగోది పోయిన క్షణంలో మిగతా గుండాలతో కలిపే మన తీగ తెంపుకోగలిగితే మనం మిగులుతామట. పావు నిమిషం కూడా ఆలస్యం కాకూడదు. యంత్రానికి వదిలితే లాభం లేదు, యంత్రం ఆ కుదుపుని మామూలు ఒడుదుడుకనుకుంటుంది. ఒక మనిషి మీట మీద చెయ్యేసి, కొలత ముల్లుకేసి చూస్తూ, రాత్రీ పగలూ కూర్చోవాలి. ముగ్గురు మనుషులు వంతులేసుకుని.

"నానుంటాను," అన్నాడు గౌరీసు. వాడు గుమ్మంలో నిలబడి ఉండడం నేను చూళ్ళేదు.


నమోదు 229. మాఘ బహుళ అష్టమి.

దమయంతి నలభై రోజుల్లో మొంబాసాకి తీగ మీద అరవై ఒక్కసార్లు మాట్లాడింది. వాళ్ళకి ఇలాంటి ప్రళయ కబుర్లు రోజుకి పది వస్తాయట. 'మీ గొంతు బాగుంది, చాలా సహజంగా తయారుచేశారు' అని ఒకడు మెచ్చుకున్నాడట కూడా. ఆ మాట నాకు చెబుతూ నవ్వింది. నవ్వి నవ్వి బల్లమీద తల పెట్టేసుకుంది. నేను వీపు నిమిరాను. ఈసారి వద్దనలేదు.


నమోదు 233. ఫాల్గుణ శుద్ధ విదియ.

ఈరోజు అక్కడ సభ మొదలైంది. మొంబాసా నుంచి తీగ మీద పిలుపు వచ్చింది, అదీ నాకు. అవతల మాట్లాడినావిడ పేరు జుహూరా. వచ్చినవాళ్ళ పేర్లు పట్టికలో టిక్కు పెట్టే గుమస్తా. అంటే నాలాంటిదే. దమయంతి పక్కన కూర్చుని ఆమె మాటలు నాకూ, నా మాటలు ఆమెకీ అందించింది.

"మీ మనిషి పేరు నా పట్టికలో ఉంది. కుర్చీ మీద పేరు కూడా అంటించాను. ఓడలో దిగలేదే, ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

గొంతులో అలసట వినపడింది. వెనకనుంచి గిన్నెల చప్పుడు. మూడొందల యాభైమందికి వంట చేయిస్తోందట, ఏలకులు సరిపోవని వంటవాళ్ళు గోల పెడుతున్నారట. యంత్రమైతే ఏలకుల గురించి దిగులు పడదు. ఈమె మనిషేనని నాకు తెలిసిపోయింది, నా గురించి ఆమెకీ తెలిసింది. ఏమైందని అడిగితే పెద్దమనిషిని పిలవడానికి నేను మనిషిని పంపలేదని ఉన్నదున్నట్టు చెప్పాను. దానికి ఆమె, "మా దగ్గరా అంతే. ప్రారంభం గంటన్నర ఆలస్యమైంది, మంత్రిగారి అత్తగారికోసం," అంది.

అప్పుడు దమయంతి గుండం సంగతి మొత్తం చెప్పింది. లెక్కలతో సహా చెప్పింది. జుహూరా మధ్యలో ఆపకుండా వింది.

"నేను నమ్ముతున్నాను," అంది చివరికి. "కానీ నా నమ్మకం ఎవరికి కావాలి? నేను పేర్లు రాసుకునేదాన్ని. అయినా వెళ్ళి అధ్యక్షుడితో చెప్తాను."

"ఆయన వినకపోతే నువ్వైనా ఊరొదిలి పోమ్మా," అన్నాను. "ఇంట్లోవాళ్ళని తీసుకుని పో. రెండ్రోజుల దూరం చాలు."

"సభ అయ్యేదాకా ఎలా వెళ్తాను? ఇంటినిండా అతిథులుంటే వదిలేసి పోతామా?"

నేనైనా పోను.


నమోదు 234. ఫాల్గుణ శుద్ధ చవితి.

జుహూరా మళ్ళీ పిలిచింది. అధ్యక్షుడు వినలేదట. సభ నియమం ప్రకారం, మనిషి లేని మాట సభలో చదవకూడదట. అయినా ఆమె భోజనాల దగ్గర ఇద్దరు ముగ్గురితో అందట. ఒకాయన, చాలా పెద్ద శాస్త్రవేత్త, 'ఆ అమ్మాయి ఇక్కడుండి ఉంటే రెండు ప్రశ్నలడిగేవాణ్ణి, తేలిపోయేది' అన్నాడట.

ఏం ప్రశ్నలో కనుక్కుని చెప్పమంది దమయంతి. జుహూరా వెళ్ళి కాగితం మీద రాయించుకుని వచ్చి చదివింది. దమయంతి రెండింటికీ అప్పటికప్పుడు జవాబు చెప్పేసింది. రెండూ ఆమె ఎప్పుడో లెక్కకట్టి పెట్టుకున్నవే. జుహూరా ఆ జవాబులు రాసుకెళ్ళి ఇచ్చిందట. ఆయన చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, 'బాగుంది. మనిషి వస్తే బాగుండేది' అన్నాడట.

దమయంతి గదిలోంచి బయటికెళ్ళి గోడకి నుదురు ఆనించి నిలబడింది.


నమోదు 237. ఫాల్గుణ శుద్ధ దశమి.

పొద్దున్న పదకొండూ పావుకి నా బల్లమీది దీపం ఒక్కసారి తెల్లగా భగ్గుమంది. వీధిలో అన్ని దీపాలూ, ఎండలోనే, అలాగే వెలిగాయి. మరుక్షణం అన్నీ ఆరిపోయాయి. కొండ కిందనుంచి పెద్ద గంట ఒక్కటి మోగినట్టు శబ్దం వచ్చి ఆగిపోయింది.

మా ఊరు నిలబడే ఉంది. గోడలు నిలబడే ఉన్నాయి. నేను చెప్పుల్లేకుండా గుండం దాకా పరిగెత్తాను.

ఆ వంతు గౌరీసుదే. ముల్లు కదిలిన క్షణంలో మీట లాగేశాడు. నేను వెళ్ళేసరికి కూడా వాడి చెయ్యి మీట మీదే ఉంది, వేళ్ళు విడదీయడానికి ఇద్దరు పట్టాల్సొచ్చింది. వాణ్ణి పట్టుకుని ఏడ్చాను. "బతికాంరా, తమ్ముడా," అన్నాను.

దమయంతి బయటి తీగకి తగిలించిన ముల్లుకేసి చూస్తోంది. చెయ్యెత్తి నన్ను ఆగమంది. పన్నెండు దాటాక ఆ ముల్లు ఇంకోసారి ఎగిరిపడింది.

"తొమ్మిదోది," అంది.

మనం తీసుకోని బరువు తొమ్మిదోది తీసుకుంది. దాని మీట మీద ఎవరూ లేరు. ఉండాలని వాళ్ళకి తెలీదు.

సాయంత్రందాకా మొంబాసాకి తీగ మీద పిలుస్తూనే ఉన్నాను. మోగడం కూడా లేదు.


నమోదు 239. ఫాల్గుణ బహుళ పాడ్యమి.

మిగతా గుండాలవాళ్ళు ఎవరికి వారే తమ గుండాన్ని సగానికి దించేసుకున్నారు. మేమూ దించి తీగ మళ్ళీ కలిపాం, మీట దగ్గర కాపలా మాత్రం మానలేదు. దమయంతి సభలో చెప్పాలనుకున్నది అదే మాట. రెండు ఊళ్ళు పోతే గాని ఎవరి చెవికీ ఎక్కలేదు.

మొంబాసాకి రెండ్రోజుల దూరంలోని రేవువాళ్ళు వెళ్ళి చూసొచ్చి తీగ మీద చెప్పారు. అక్కడ ఊరు లేదట. రేవు లేదట. సభ జరుగుతున్న భవనం గుండం పైనే కట్టారట, దీపాలు బాగా వెలుగుతాయని.


నమోదు 241. ఫాల్గుణ బహుళ పంచమి.

పొద్దుటినుంచీ జనం వస్తూనే ఉన్నారు. కొబ్బరికాయలు, అరటిపళ్ళు. నాకు. "నీ వల్లేనమ్మా వరహాలూ. ఆరోజు నువ్వు ఆలస్యం చెయ్యబట్టే దమయంతి ఇక్కడుండిపోయింది. ఆమె ఉండబట్టే మీట పెట్టారు. ఆమె ఓడెక్కి ఉంటే ఆమే పోయేది, మనమూ పోయేవాళ్ళం. అంతా మన మంచికే."

పళ్ళూడిన మామ్మ కూడా అదే మాటంది. దాలినాయుడు గారు వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "దేవుడే నన్ను గుమ్మంలో కూర్చోబెట్టాడమ్మా," అన్నాడు. వాళ్ళందరి మీదా విరుచుకుపడ్డాను. "ఏం మంచి? ఎవరి మంచి? ఆమె వెళ్ళుంటే పన్నెండూ మిగిలేవి! ఆ రెండు ప్రశ్నలకీ ఆమె దగ్గర జవాబులున్నాయి! నోళ్ళు మూసుకుని ఇళ్ళకి పొండి!" అని అరిచాను. పాపం, బెదిరిపోయి వెళ్ళిపోయారు. అరటిపళ్ళు మాత్రం అరుగు మీద వదిలేశారు.

దాలినాయుడు గారు ఒక్కడే ఆగి, ఈ పుస్తకంలో ఓడ ముందే వెళ్ళిపోయిందని రాయమన్నాడు. "నీకూ మంచిది, నాకూ మంచిది," అన్నాడు. రాయను. ఓడ తొమ్మిదింటికే వెళ్ళింది. మేమే తొమ్మిదీ పదికి చేరాం. పెద్దాయన్ని పిలవడానికి మనిషిని పంపొద్దన్నది నేను. నా తర్వాత ఈ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు ఇది చదవాలి.

మధ్యాహ్నం దమయంతిని భోజనానికి పిలిచాను. వచ్చింది. గౌరీసు పక్కన కూర్చుంది. వాడు నాలుగు రోజులుగా సరిగా తినడం లేదు. ముద్ద కలిపి పట్టుకుని, "అప్పా, తొమ్మిదో గుండం కాడ ఏ ఊరుంది?" అనడిగాడు.

నాకు తెలుసు. ఆ ఊరినుంచి వచ్చే మనుషుల పేర్లు ఇరవై రెండేళ్ళుగా నేను పట్టికల్లో చూస్తూనే ఉన్నాను. "తెలీదురా. తిను," అన్నాను.

తిన్నాడు. చారు పోసుకుని రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. పద్దెనిమిదేళ్ళు ఆ గుండం పక్కన పనిచేసిన నా తమ్ముడు నా ఎదురుగా కూర్చుని చారన్నం తింటుంటే, నాకు కడుపు నిండిపోయింది. సంతోషం వేసింది. సిగ్గులేని సంతోషం. జుహూరా గొంతు చెవిలో ఉండగానే వేసింది. దాచుకోలేకపోయాను. వాడు చెయ్యి కడుక్కోడానికి లేచాక దమయంతితో చెప్పేశాను. "వీడు మిగిలాడు. నాకు సంతోషంగా ఉందమ్మా. ఏం చెయ్యను, సంతోషంగానే ఉంది."

దమయంతి విస్తరి మడిచింది.

"ఆ సంతోషం తప్పు కాదక్కా," అంది. "నా ముందు మాత్రం చెప్పకు."

చెయ్యి కడుక్కుని గుండం దగ్గరికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం వంతు ఆమెదే.